మా వాడు పిచర్ అవుతాడా? బేస్‌బాల్ పిచింగ్ మీద తెలుగు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. గుడికి వెళ్ళినా, బర్త్‌డే పార్టీకి వెళ్ళినా, చేతిలో బిర్యానీ ప్లేటు ఉండగానే ఎవరో ఒకరు పక్కకు వచ్చి అడుగుతారు. "అన్నా, మా వాడు భలే స్పీడుగా వేస్తున్నాడని కోచ్ అంటున్నాడు. ఇప్పుడేం చేయాలి?" నేను కోచ్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాకపోతే ఎనిమిదేళ్ళు మడతకుర్చీ మోసుకుని మైదానాల చుట్టూ తిరిగాను. మా అబ్బాయి టీముకు బంతుల లెక్క రాసే పని మూడు సీజన్లు నాదే. అడిగిన ప్రతివాళ్ళకూ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమని ఇది మొదలుపెట్టాను. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళకు అర్థమయ్యేలా రాశాను.

పిచర్ అంటే మన బౌలరేనా?

పని ఒకటే, ఒళ్ళు వాడే తీరు వేరు. ఫాస్ట్ బౌలర్ అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, మోచెయ్యి నిటారుగా ఉంచి, బంతిని నేలకు కొట్టి లేపుతాడు. పిచర్‌కు పరుగు లేదు. మౌండ్ అనే 10 అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక్క అంగ వేసి, మోచెయ్యి వంచి విసురుతాడు. అక్కడి నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. మన 22 గజాల పిచ్ 66 అడుగులు. గంటకు 95 మైళ్ళ బంతి, అంటే మన లెక్కలో 153 కిలోమీటర్లు, సుమారు 0.4 సెకన్లలో బ్యాటర్ దగ్గరకు వచ్చేస్తుంది. బౌలర్ పరుగులో కూడగట్టుకునే ఊపును పిచర్ కాళ్ళు, నడుము, భుజాల నుంచి ఒక్క క్షణంలో తీయాలి. ఆ బరువంతా చివరికి వచ్చి పడేది మోచేతి లోపలి వైపు ఎముకలను కలిపి పట్టి ఉంచే ఒక చిన్న లిగమెంట్ మీద. ఇక్కడ రాసినదాంట్లో సగం గోల ఆ లిగమెంట్ గురించే.

అన్నట్టు, "నీ మనవడు పిచర్ అయ్యాడమ్మా" అని ఫోన్లో చెప్తే మా అమ్మ "ఏ పిచ్చరు రా, హీరో ఎవరు?" అంది.

కుమార్ రాకర్ తెలుగువాడంట కదా?

సగం మనవాడే. అమ్మ తరఫు తాతయ్య, అమ్మమ్మ ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వచ్చినవాళ్ళు. నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, 1988లో అవుట్‌ల్యాండ్, లొంబార్డీ ట్రోఫీలు రెండూ గెలిచి, తరవాత కోచ్ అయ్యాడు. కుమార్ 1999లో పుట్టాడు. 6 అడుగుల 5 అంగుళాల మనిషి. 2024లో టెక్సస్ రేంజర్స్ తరఫున, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. పిచర్ జీవితంలో జరగగలిగిన మంచీ చెడూ దాదాపు అన్నీ అతనికి పాతికేళ్ళ లోపే జరిగిపోయాయి. అందుకే కింద ప్రతి రెండో జవాబులో అతని పేరు వస్తుంది.

స్కౌట్ మైదానానికి వచ్చి ఏం చూస్తాడు? స్పీడేనా?

స్కౌట్ అంటే జట్ల కోసం కుర్ర ఆటగాళ్ళను వెతికేవాడు. స్పీడ్ చూడటానికి స్కౌట్ అక్కర్లేదు, వేగం కొలిచే రాడార్ గన్ చాలు.

నేను ఒక స్కౌట్‌ని దగ్గరగా చూసింది ఇక్కడి ఒక హైస్కూల్ మ్యాచ్‌లో. ఏడు గంటలకు మ్యాచ్ అయితే ఆరుంబావుకే వచ్చి, వామప్ చేసుకునే బుల్‌పెన్ పక్కన నిలబడ్డాడు. మ్యాచ్ మొదలయ్యాక హోమ్ ప్లేటు వెనక వలకు ఆనుకుని కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళో నోట్‌బుక్, ఒక చేతిలో గన్, ఇంకో చేతిలో స్టాప్‌వాచ్. బేస్ మీద, అంటే పరుగు కోసం వరసగా చేరాల్సిన మూలల్లో ఒకదాని మీద, రన్నర్ ఉన్నప్పుడే ఆ స్టాప్‌వాచ్ నొక్కేవాడు. పిచర్ కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి బంతి క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో పడేదాకా 1.3 సెకన్లయితే ఫరవాలేదు, 1.5 అయితే రన్నర్ హాయిగా తరవాతి బేస్ దొంగిలిస్తాడు. మూడో ఇన్నింగ్స్‌లో (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే ఒక్కో జట్టు మూడేసి ఔట్లు అయ్యేదాకా ఆడే వంతు) షార్ట్‌స్టాప్ అనే చోట ఫీల్డింగ్ చేసే కుర్రాడు సులువైన బంతి వదిలేశాడు. మేమందరం బంతి ఎటు పోయిందా అని చూస్తుంటే ఆయన మాత్రం పిచర్ మొహం చూశాడు. ఆ పిల్లాడు రెండు చేతులూ చాచి విసుక్కున్నాడు. పెన్ను కదిలింది. ఏం రాశాడో నాకు కనపడలేదు గానీ మంచి మాట మాత్రం అయ్యుండదు.

స్కౌట్లు ఎక్కువగా వాడే మాట ప్రొజెక్షన్. ఈ కుర్రాడు ఇప్పుడు ఎంత వేస్తున్నాడన్నది ఒక లెక్క, ఇరవై నాలుగేళ్ళకు ఎంత వేస్తాడన్నది ఇంకో లెక్క. వాళ్ళకు జీతం ఇచ్చేది రెండోదానికి. పదహారేళ్ళకే కండలు తిరిగి గడ్డం వచ్చిన పిల్లాడు 89 మైళ్ళు వేస్తున్నాడనుకోండి. పక్కన వెడల్పు భుజాలు, పొడుగు చేతులు, పెద్ద అరచేతులు ఉండి, ఒంటి మీద ఇంకా మాంసం పట్టని కుర్రాడు 86 వేస్తున్నాడు. చాలామంది స్కౌట్లు రెండోవాడి పేరు కింద గీత గీస్తారు. ఎంత ఎదుగుతాడో అంచనా వేయడానికి స్టాండ్స్‌లో కూర్చున్న అమ్మానాన్నల వైపు కూడా ఒక చూపు చూస్తారు. కుమార్ విషయంలో వాళ్ళ నాన్నను చూస్తే సరిపోయి ఉంటుంది. నన్ను చూసి మాత్రం ఏ స్కౌటూ ఏమీ రాసుకోలేదు.

ఆ తరవాత చెయ్యి తిరిగే తీరు. ముందు కాలు నేల మీద పడేసరికి బంతి ఉన్న చెయ్యి పైకి లేచి ఉండాలి. అది వెనకబడితే భుజం, మోచెయ్యి అదనపు భారం మోస్తాయి. ఫాస్ట్‌బాల్ వేసినా, నెమ్మదిగా వచ్చే ఛేంజప్ వేసినా చేతి విసురు ఒకేలా ఉందా? అయిదో ఇన్నింగ్స్‌లో అలసిపోయాక కూడా బంతి అదే చోటు నుంచి వదులుతున్నాడా? నమ్ముకోదగ్గ రెండో బంతి ఏదైనా ఉందా? కుమార్‌కు అది స్లైడర్. ఫాస్ట్‌బాల్ లాగే బయల్దేరి, ఆఖర్లో పక్కకు, కిందకు కోసుకుపోతుంది.

20-80 స్కేల్ అంటే ఏమిటి?

స్కౌట్ల మార్కుల పద్ధతి. 50 అంటే మేజర్ లీగ్ సగటు. 60 మంచిది, 70 చాలా మంచిది, 80 అరుదు. ఫాస్ట్‌బాల్‌కు ఒకటి, స్లైడర్‌కు ఒకటి, కంట్రోల్‌కు ఒకటి వేస్తారు. ఒక్కోదానికి మళ్ళీ ఇప్పటి మార్కు, ముందుముందు రాగల మార్కు అని రెండుంటాయి. హైస్కూల్ పిల్లాడికి కంట్రోల్‌లో ఇప్పటికి 35, ముందుకు 50 అని రాస్తే అది తిట్టు కాదు. నూటికి తొంభై అయిదు రాకపోతే ఇంట్లో అన్నం సహించని మనవాళ్ళకు ఇది చెప్పి ఒప్పించడం కొంచెం కష్టం. ప్రపంచంలోకెల్లా గట్టి లీగ్‌లో సగటు ఆటగాడు అంటే 50 మరి.

మా వాడు పన్నెండేళ్ళకే 70 మైళ్ళు వేస్తున్నాడు. ఇప్పటినుంచే గట్టిగా ట్రైనింగ్ ఇప్పించాలా?

దిష్టి తీయండి, అంతకు మించి హడావుడి వద్దు. ఆ వయసులో స్పీడ్ చాలావరకు ఎవరు ముందు ఎదిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. లిటిల్ లీగ్‌లో మౌండ్ 46 అడుగుల దూరంలోనే ఉంటుంది. తరవాత దూరం పెరుగుతూ పోయి, హైస్కూల్‌కు వచ్చేసరికి పెద్దవాళ్ళ 60 అడుగుల 6 అంగుళాలు అవుతుంది. పన్నెండేళ్ళప్పుడు మైదానాన్ని ఏలినవాడు పదిహేనేళ్ళకు మామూలు ఆటగాడు కావడం, బెంచీ మీద కూర్చున్న పీలపిల్లాడు ఒక్క వేసవిలో అయిదంగుళాలు పెరిగి అందర్నీ దాటేయడం నేనే చూశాను.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనకు అలవాటైన మాట. పిచర్ మోచేతికి అది పనికిరాదు. మొక్కగా ఉన్నప్పుడు వంచితేనే విరుగుతుంది. ఎదిగే పిల్లల ఎముకల చివర గ్రోత్ ప్లేట్ మెత్తగా ఉంటుంది, లిగమెంట్ కంటే ముందు అదే దెబ్బతింటుంది. ఈతకు పంపండి, బాస్కెట్‌బాల్ ఆడనివ్వండి, మన దగ్గర క్రికెట్ లీగులకు కొదవే లేదు. మేజర్ లీగ్ పిచర్ పాల్ స్కీన్స్ కాలేజీ చదువు ఎయిర్ ఫోర్స్ అకాడమీలో మొదలుపెట్టాడు. అక్కడ క్యాచర్‌గా కూడా ఆడాడు. అదే మనిషిని 2023 డ్రాఫ్ట్‌లో, అంటే మేజర్ లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, పిచర్‌గా అందరికంటే ముందు ఎంచుకున్నారు.

రోజుకు ఎన్ని బంతులు వేయనివ్వాలి?

దీనికి మాత్రం కచ్చితమైన లెక్క ఉంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ పేరుతో సూచనలు తెచ్చాయి. ఒక రోజులో 7–8 ఏళ్ళవాళ్ళు 50 బంతులు, 9–10 వాళ్ళు 75, 11–12 వాళ్ళు 85, 13 నుంచి 16 దాకా 95, 17–18 వాళ్ళు 105 దాటకూడదు. విశ్రాంతి లెక్క ఇంకా ముఖ్యం. 14 ఏళ్ళలోపు పిల్లాడు 20 బంతుల్లోపు వేస్తే మర్నాడు మళ్ళీ వేయొచ్చు. 21–35 వేస్తే ఒక రోజు ఆగాలి, 36–50 అయితే రెండు, 51–65 అయితే మూడు, 66 దాటితే నాలుగు రోజులు. పిచింగ్ చేసిన రోజు క్యాచర్‌గా కూడా నిలబెట్టకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతీ తిరిగి విసరాలి. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఆపాలి. అందులో రెండు మూడు నెలలు వరసగా, చెయ్యి ఎత్తి ఏదీ విసరకుండా ఉండాలి.

లెక్క సులువే. తప్పేది ఎక్కడంటే, పిల్లాడు రెండు టీముల్లో ఉన్నప్పుడు. మా వాడికి పదకొండేళ్ళు. శనివారం ఊళ్ళోని లీగ్ టీముకు 60 బంతులు వేశాడు. నా చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్ ఉంది, కాబట్టి అనుమానం లేదు. ఆదివారం ట్రావెల్ టీమ్ (ఊరూరూ తిరిగి ఆడే జట్టు) టోర్నమెంట్. "మా టీముకు ఈ వారం ఒక్క బంతి వేయలేదు, ఫ్రెష్‌గా ఉన్నాడు" అన్నాడు ఆ టీమ్ కోచ్. నాకు లెక్క తెలుసు. మూడు రోజులు ఆగాలని కూడా తెలుసు. సెమీఫైనల్, మిగతా పేరెంట్స్ అందరూ నావైపే చూస్తున్నారు, మొహమాటపడి ఊరుకున్నాను. 48 వేశాడు. గెలిచారు, పిజ్జా తిన్నారు. సోమవారం పొద్దున బాత్రూమ్‌లో మా వాడు ఎడమ చేత్తో పళ్ళు తోముకుంటున్నాడు. ఏమైందంటే "ఏం లేదు నాన్నా, ఊరికే" అన్నాడు. వాడిది కుడిచేతి వాటం.

డాక్టర్ రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించి పక్కపక్కన పెట్టి చూపించారు. కుడి మోచేతి లోపలి వైపు గ్రోత్ ప్లేట్ దగ్గర సందు ఎడమదాని కంటే కొంచెం వెడల్పుగా ఉంది. లిటిల్ లీగర్స్ ఎల్బో అంటారట. మూడు నెలలు బంతి పట్టుకోలేదు. తప్పు కోచ్‌ది ఎంతో నాదీ అంతే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. క్లిక్కర్ పది డాలర్లు కూడా ఉండదు, కొనుక్కోండి. రెండు టీముల లెక్కా ఒకే పుస్తకంలో రాయండి.

కొంచెం నొప్పి ఉన్నా ఆడొచ్చా? ఆటల్లో అది మామూలే కదా?

కండ నొప్పి మామూలే. మోచెయ్యి, భుజం కీలు నొప్పి మామూలు కాదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సర్జరీ దాకా వెళ్ళిన కుర్ర పిచర్లను, వెళ్ళనివాళ్ళను పోల్చి అక్కడివాళ్ళు 2006లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో పిచింగ్ చేసినవాళ్ళకు ముప్పు 5 రెట్లు. చెయ్యి అలసిపోయినా తరచూ వేస్తూ పోయినవాళ్ళకు 36 రెట్లు. ఆ రెండో అంకె చదివాక నేను మళ్ళీ మొహమాటపడలేదు.

కర్వ్‌బాల్ ఎప్పుడు నేర్పించాలి?

ముందు ఫాస్ట్‌బాల్ అనుకున్న చోట పడాలి, తరవాత ఛేంజప్ కుదరాలి. ఆ రెండూ నిలకడగా వస్తే 13–14 ఏళ్ళప్పుడు తిప్పే బంతులు మొదలుపెట్టొచ్చని పిచ్ స్మార్ట్ అంటుంది. కర్వ్‌బాల్ వేస్తే చెయ్యి పోతుందని పాతకాలం కోచ్‌లు భయపెడతారు. చేతిని పాడుచేసేవాటిలో బంతి రకం కంటే బంతుల సంఖ్య, అలసట పెద్దవని తేలింది. అలాగని పదేళ్ళ పిల్లాడికి యూట్యూబ్ చూసి స్లైడర్ నేర్పకండి.

వెయిటెడ్ బాల్స్, స్పీడ్ పెంచే ప్రోగ్రాములు పనిచేస్తాయా?

స్పీడ్ పెంచే పని చేస్తాయి, చిక్కు కూడా అక్కడే ఉంది. బేస్‌బాల్ బరువు 5 నుంచి 5.25 ఔన్సులు. అంతకంటే బరువైనవి, తేలికైనవి మార్చి మార్చి విసిరి చేతి వేగం పెంచే పద్ధతిని వాషింగ్టన్ రాష్ట్రంలోని డ్రైవ్‌లైన్ లాంటి సంస్థలు బాగా ప్రచారంలోకి తెచ్చాయి. హైస్పీడ్ కెమెరాలు, బంతి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే ర్యాప్సోడో, ట్రాక్‌మ్యాన్ యంత్రాలు ఇప్పుడు మామూలు అకాడమీల్లో కూడా కనిపిస్తున్నాయి. మేజర్ లీగ్ స్టేడియాల్లో ఉన్నది మనకు క్రికెట్‌లో తెలిసిన హాక్-ఐ. వీటివల్ల పిచర్ తయారీ నిజంగా మారిపోయింది. వేళ్ళ పట్టు కాస్త మార్చగానే బంతి ఎన్ని అంగుళాలు పక్కకు జరిగిందో అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది. పిచర్ల గాయాలు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చడానికి మేజర్ లీగ్ ఒక నివేదిక తయారుచేయించి 2024 డిసెంబర్‌లో బయటపెట్టింది. వేగం వెంట పడటం, బంతి మెలికల వెంట పడటం, ప్రతి బంతీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేయడం, ఇవే కారణాల్లో ముందు నిలిచాయి. నా మటుకు నేను, ఎదుగుదల ఇంకా ఆగని పిల్లాడిని బరువు బంతుల దగ్గరకు పంపను. పదిహేడేళ్ళవాడైతే, పక్కన తెలిసిన మనిషి నిలబడి లెక్క చూసుకుంటూ చేయించేటట్లయితే, అప్పుడు ఆలోచిస్తాను.

ట్రావెల్ బాల్, షోకేసులకు పోసే డబ్బు దండగా?

పద్నాలుగేళ్ళ లోపు అయితే చాలావరకు దండగే అంటాను, చాలామందికి నచ్చదు. ఆ వయసు పిల్లాడి నంబర్ రాసుకోవడానికి ఏ కాలేజీ కోచ్ కూడా తొందరపడడు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం, పైస్థాయి అయిన డివిజన్ 1 బేస్‌బాల్ కోచ్‌లు హైస్కూల్ మూడో ఏడాదికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. పర్ఫెక్ట్ గేమ్ లాంటి సంస్థలు పెట్టే షోకేసులు, అంటే స్కౌట్లకు, కోచ్‌లకు పిల్లల ఆట చూపించే మేళాలు, పనికొచ్చేది ఆ సమయంలో. అక్కడ మీ వాడు రెండు ఇన్నింగ్స్ వేస్తాడు, గన్‌లు పాతిక లేస్తాయి, నంబర్ ఇంటర్నెట్‌లోకి ఎక్కుతుంది. అందుకే ప్రతి పిల్లాడూ అక్కడ తన చేతికి మించి విసురుతాడు. శీతాకాలం అంతా విశ్రాంతిలో ఉండి జనవరిలో సరాసరి షోకేసుకు వెళ్ళడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. చెయ్యి వేడెక్కడానికి కనీసం ఆరు వారాలు ఇవ్వండి.

హైస్కూల్ అవగానే డ్రాఫ్ట్‌కు వెళ్ళాలా, కాలేజీకా?

అందరికీ ఒకే జవాబు లేదు. కుమార్ ఏం చేశాడో చూడండి. జార్జియాలో నార్త్ ఒకోనీ హైస్కూల్‌లో ఉండగానే అతనికి పెద్ద పేరుంది. కాలేజీకే వెళ్తాడని జట్లకు అర్థమైపోయింది. 2018లో కొలరాడో రాకీస్ ఎక్కడో 38వ రౌండ్‌లో పేరు చదివింది, అతను సంతకం పెట్టలేదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. మొదటి ఏడాదే, 2019 జూన్ 8న డ్యూక్ యూనివర్సిటీ మీద నో-హిట్టర్ వేశాడు. ఒక్క హిట్ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ ఔట్ చేశాడు, అంటే ఫీల్డర్ల సాయం లేకుండా తన బంతులతోనే ఔట్ చేశాడు. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు తీయాల్సిన ఔట్లే 27. ఆ నెలలోనే వాండర్‌బిల్ట్ జట్టు కాలేజీల జాతీయ పోటీ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్‌ను గెలిచింది, అందులో ఉత్తమ ఆటగాడు కుమారే.

ఆ నో-హిట్టర్‌కు అతను వేసిన బంతులు 131. వీడియో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది, పక్కనే ఆ అంకె కూడా గుర్తొస్తుంది. ఆ ఒక్క రాత్రికీ తరవాత జరిగినదానికీ ముడిపెట్టడం న్యాయం కాదు. అయినా గుర్తొస్తుంది.

నియమం మాత్రం తెలుసుకుని ఉండండి. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడాది పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి రాలేరు. రెండేళ్ళ జూనియర్ కాలేజీ అయితే ఏటా రావచ్చు. డ్రాఫ్ట్ 2021 నుంచి 20 రౌండ్లే. అంతకుముందు 40 ఉండేవి. అంటే చివరి రౌండ్లలో పడే హైస్కూల్ పిల్లలకు తలుపు చిన్నదైంది. మొదటి రెండు రౌండ్ల డబ్బు చేతికి వస్తే తప్ప కాలేజీయే మంచిదని నా అభిప్రాయం. డిగ్రీ కోసమని మన ఇళ్ళల్లో ఎలాగూ అంటాం. దానితోపాటు, వారానికి ఒక్కసారే పిచింగ్ చేసే కాలేజీ లయ ఎదిగే చేతికి కూడా సుఖం.

2021లో మెట్స్ కుమార్‌ను ఎంచుకుని మరీ ఎందుకు వదిలేసింది?

న్యూయార్క్ మెట్స్ 2021 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో కుమార్‌ను తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. ఆ తరవాత మెడికల్ పరీక్షల్లో చేతి మీద అనుమానం వచ్చి, గడువు రోజు దాకా ఆఫరే ఇవ్వలేదు. అతను ఆరోగ్యంగానే ఉన్నాడని ఏజెంట్ స్కాట్ బోరాస్ వాదించాడు. మెట్స్‌కు పోయిందేమీ లేదు, బదులుగా మరుసటి ఏడాది పదకొండో స్థానంలో ఎంచుకునే అవకాశం దక్కింది. కుమార్‌కు మాత్రం ఒక ఏడాది పోయింది. ఆ సెప్టెంబర్‌లో భుజానికి చిన్న సర్జరీ అయింది.

అప్పుడతను చేసిన పని నాకు చాలా ఇష్టం. 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే ఇండిపెండెంట్ జట్టులో చేరాడు. ఏ మేజర్ లీగ్ జట్టుకూ సంబంధం లేని చిన్న లీగ్ అది. అయిదు మ్యాచ్‌ల్లో 20 ఇన్నింగ్స్ వేసి 32 మందిని స్ట్రైక్ ఔట్ చేశాడు. స్కౌట్లందరూ గన్‌లు పట్టుకుని అక్కడికే వెళ్ళారు. ఆ జూలైలో టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో తీసుకుని 52 లక్షల డాలర్లకు సంతకం చేయించింది. మూడో స్థానానికి లీగ్ కట్టిన విలువ కంటే అది తక్కువే.

అదే ఏడాది నియమం కూడా మారింది. లీగ్ గుర్తించిన పైవరస కుర్రాళ్ళు డ్రాఫ్ట్‌కు ముందే మెడికల్ పరీక్షలు చేయించుకుని వివరాలు ఇవ్వొచ్చు. అలా ఇచ్చినవాళ్ళను ఎంచుకున్న జట్టు ఆ స్థానం విలువలో కనీసం 75 శాతం ఆఫర్ చేయాల్సిందే.

టామీ జాన్ సర్జరీ చేయించుకుంటే స్పీడ్ పెరుగుతుందట, నిజమేనా?

కాదు. ఇది నన్ను ఒక తండ్రి నిజంగానే అడిగాడు, పిల్లాడి చెయ్యి బాగానే ఉంది కూడా. మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో ఒంట్లో ఇంకోచోటి నుంచి తీసిన స్నాయువు వేసి కుట్టే ఆపరేషన్ అది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు మొదటిసారి చేశారు. అతను 1976లో తిరిగొచ్చి, ఆ తరవాత 164 మ్యాచ్‌లు గెలిచాడు. తిరిగి ఆడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కొందరికి స్పీడ్ పెరిగినట్టు కనిపిస్తే, ఆ ఏడాదిన్నర కాళ్ళు, నడుము, భుజాల మీద పద్ధతిగా చేసిన కసరత్తు ఫలితం అది. ఆ కసరత్తుకు కత్తి అక్కర్లేదు.

కుమార్‌కు ఇది 2023 మేలో జరిగింది. అప్పటికి ఆ సీజన్‌లో 28 ఇన్నింగ్స్‌లో 42 స్ట్రైక్ ఔట్లు ఉన్నాయి.

డ్రాఫ్ట్ అయ్యాక సరాసరి టీవీలో కనపడతాడా?

మధ్యలో మైనర్ లీగ్ మెట్లు ఉన్నాయి: కాంప్లెక్స్ లీగ్, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. జీతం 2023 ఒప్పందం ప్రకారం డబుల్-ఏలో ఏడాదికి 30,250 డాలర్లు, ట్రిపుల్-ఏలో 35,800. మేజర్ లీగ్‌లో 2025లో కనీస జీతమే 7,60,000. పెద్ద బోనస్ దొరికినవాడికి ఫరవాలేదు, మిగతావాళ్ళు ఆఫ్ సీజన్‌లో వేరే పని చూసుకుంటారు.

డబుల్-ఏ అంటే మా ఊరే. రేంజర్స్ డబుల్-ఏ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ ఆడే రైడర్స్ ఫీల్డ్‌లో బుల్‌పెన్‌లు ప్రేక్షకుల సీట్ల మధ్యే ఉంటాయి. పిచర్ వామప్ చేస్తుంటే చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చోవచ్చు. పిల్లాడిని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి. కుడివైపు ఔట్‌ఫీల్డ్ దగ్గర నీళ్ళలో ట్యూబ్ వేసుకుని తేలే లేజీ రివర్ ఉంది, అటు పోనివ్వకండి. టీవీలో 95 అనేది ఒక అంకె. అక్కడ గ్లవ్‌లో పడ్డప్పుడు తలుపు ధడాలున మూసినట్టు వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. అంత పెద్ద పిచర్ కూడా మొదటి పది పదిహేను బంతులు పిల్లాడితో ఆడుతున్నట్టు మెల్లగా వేస్తాడు. మా వాడు అది చూసే వామప్ నేర్చుకున్నాడు, నేను వందసార్లు చెప్పినా వినలేదు.

కుమార్ 2024లో ఇక్కడ ఆడి, ట్రిపుల్-ఏ రౌండ్ రాక్ మీదుగా సెప్టెంబర్ 12న సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ మ్యాచ్ వేశాడు. నాలుగు ఇన్నింగ్స్, ఒక్క పరుగు, ఏడు స్ట్రైక్ ఔట్లు. మరుసటి ఏడాది బ్యాటర్ల చేతిలో దెబ్బలు తిని మళ్ళీ మైనర్స్‌కు వెళ్ళాల్సొచ్చింది. డ్రాఫ్ట్‌లో మూడో స్థానం వాడికే దారి ఇలా ఉంటుంది.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఫాస్ట్ బౌలర్. బేస్‌బాల్‌కు మారొచ్చా?

ఇండియాలో ఉన్న కుర్రాడికి డ్రాఫ్ట్ వర్తించదు. పదహారేళ్ళు దాటితే, వయసు నియమాలకు లోబడి ఏ జట్టుతోనైనా నేరుగా సంతకం పెట్టొచ్చు. డొమినికన్ రిపబ్లిక్ పిల్లలు వచ్చేది ఈ దారిలోనే, అక్కడ 30 జట్లకూ అకాడమీలున్నాయి. మన దగ్గర అలాంటిది లేదు.

2008లో మిలియన్ డాలర్ ఆర్మ్ అని ఇండియాలో పోటీ పెట్టారు. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. వాళ్ళిద్దరూ క్రికెటర్లు కాదు, జావెలిన్ విసిరేవాళ్ళు. మోచెయ్యి వంచి భుజం మీదుగా విసరడం జావెలిన్‌లో ముందే ఉంది, బౌలింగ్‌లో లేదు. బౌలర్‌కు నిటారు చెయ్యి ఒంట్లో జీర్ణించుకుపోయి ఉంటుంది. ఇద్దరూ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం పెట్టారు, మైనర్ లీగ్స్ దాటలేదు. రింకూ తరవాత కుస్తీలోకి, డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళాడు. మీ అన్నయ్య కొడుకుని బౌలింగే వేసుకోనివ్వండి. బౌండరీ దగ్గర నుంచి గురి తప్పకుండా విసిరే ఫీల్డర్ ఎవరైనా ఉంటే మాత్రం ఒక బేస్‌బాల్ చేతికిచ్చి చూడండి.

చదువు దెబ్బతినదా?

టోర్నమెంట్ కారులో హోంవర్క్ చేయించాను. గణితం బాగానే వచ్చింది, చేతిరాత పోయింది.

మీ అబ్బాయి ఇంకా పిచింగ్ చేస్తున్నాడా?

ఇప్పుడు పదిహేడేళ్ళు, సెకండ్ బేస్ ఆడుతున్నాడు. అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు విసరాల్సిన దూరం తక్కువ, వాడికి అదే ఇష్టం. పిచర్‌గా ఎప్పుడైనా ఒక ఇన్నింగ్స్ ఇస్తారు. గన్ మీద 78 పడుతుంది, ఛేంజప్ మాత్రం బాగుంటుంది. క్లిక్కర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మీ వాడికి ఈ వారాంతం మ్యాచ్ ఉంటే, శనివారం ఎన్ని వేశాడో రాసి పెట్టుకోండి.